నాన్న కంటిరెప్ప

ఆ ఏడు వనిల్లా పూత ముందే వచ్చింది. నాన్న కన్ను అంతకంటే ముందే వాచింది.

వాచిందంటే మరీ అంతగా ఏం కాదు. కుడికంటి పైరెప్ప బరువెక్కి, నిద్ర చాలని మనిషికి లాగా సగం దిగి ఉండేది. నొప్పి లేదు, దురద లేదు, నీరు కారడం లేదు. మా వవావూ దీవిలో అలాంటి కన్ను చూసి కంగారుపడేవాళ్ళు ఎవరూ లేరు. వనిల్లా తీగ విరిగితే రసం కారుతుంది. అది చేతికి తగిలితే దద్దుర్లు, కంటికి తగిలితే వాపు. పూత రోజుల్లో ఊళ్ళో సగం మంది ఒంటికన్నుతోనే తిరుగుతారు. దాన్ని తీగకన్ను అంటాం. లేత కొబ్బరి నీళ్ళతో కడుక్కుంటాం, ఒకరినొకరం వెక్కిరించుకుంటాం, మళ్ళీ తోటకి పోతాం.

"ఎవరికి కన్ను కొడుతున్నావయ్యా కితియోనే?" అని చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు నాన్నని ఆటపట్టించారు. "కొట్టడానికి ఈ వయసులో అదొక్కటే మిగిలింది" అన్నాడు నాన్న. నేను విననట్టు పాటల పుస్తకం తిరగేశాను.

ఇంట్లో మేమిద్దరమే. అమ్మ పోయి కొన్నేళ్ళయింది. నా పేరు ఫూసీ. ఒక్కతే కూతుర్ని, కాస్త నోరున్నదాన్ని. నోరున్నదన్న మాట ఊరిది, నేనూ కాదనను.

వనిల్లా పని దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. పువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకోదు. దానికి కావలసిన తేనెటీగ మా సముద్రంలో ఏ దీవి మీదా లేదు. అందుకని మనిషే తేనెటీగ కావాలి. కొబ్బరి ఈనెతో పువ్వు లోపలి సన్నని పొరని పైకెత్తి, పుప్పొడిని కిందికి వంచి, బొటనవేలితో మెల్లగా అదమాలి. పని కుదిరితే ఆ పువ్వు తీగ మీదే వాడి కాయ కడుతుంది. కుదరకపోతే మర్నాటికి రాలిపోతుంది. ఎవరి చెయ్యి ఎలాంటిదో మర్నాడు నేల చూసి చెప్పొచ్చు. నాన్న వరసల కింద నేల ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. ఆయన ఈనె పడితే పక్క తోటలవాళ్ళు వచ్చి నిలబడి చూసేవాళ్ళు.

ఆదివారం మాత్రం ఎవరమూ ఈనె ముట్టం. ముడితే పోలీసులే వస్తారు, దేవుడి దాకా అక్కర్లేదు. ఆనాడు విచ్చిన పువ్వులన్నీ సోమవారానికి నేల మీద ఉంటాయి. అవి దేవుడి వాటా అని సరిపెట్టుకుంటాం.

కన్ను ఎన్నాళ్ళకీ తగ్గకపోయేసరికి నేనే పోరి ఊరి ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడి నర్సు కతలీనా నాన్నకి అన్నగారి కూతురు. ఆ పెద్దాయన చేపలవేటకి పోయి తిరిగి రాలేదు, నాన్నే ఆమెని పెంచి చదివించాడు. పెంచకపోయినా ఒకటే. మా లెక్కలో తండ్రి అన్నదమ్ములందరూ తండ్రులే. కతలీనాకి ఆయన నాన్న, నాకు ఆమె అక్క.

తండ్రి తల పిల్లలు ముట్టరు. ఇది మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నడక కంటే ముందే వస్తుంది. ఆయన జుట్టు దువ్వరు, ఆయన దిండు మీద తల పెట్టరు, ఆయన తాగి వదిలిన బోండాం ఎత్తరు. అమ్మ ఉండగా నాన్న జుట్టు అమ్మే కత్తిరించేది. ఆమె ఉంటే ఆ రెప్పని రెండో రోజే ఎత్తి చూసేది, నాలుగు తిట్లు తిట్టి మరీ.

కతలీనా ముట్టలేదు. బల్లకి అవతల కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నాన్నా, ఆ రెప్ప నువ్వే కాస్త లాగి చూపించు" అంది. నాన్న కింది రెప్ప లాగాడు. అక్కడేముంటుంది? తెల్లగా, శుభ్రంగా ఉంది. తీగకన్నే అని తేల్చేసింది. ఆ వారంలో అలాంటివి ఆమె ఎన్ని చూసిందో. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చింది.

మాత్రలు పనిచేశాయి. అదే మా కొంప ముంచింది.

వారం తిరక్కుండా రెప్ప లేచింది. ఆ ఆదివారం నాన్న చర్చిలో లేచి నిలబడి, కతలీనా పేరు చెప్పి దేవుడికి కృతజ్ఞతలు అర్పించాడు. ఎంతసేపు అర్పించాడంటే కతలీనాకి మొదట సిగ్గు వేసింది, తరవాత మా అందరికీ ఆకలి వేసింది. తీగరసం మందుకి తగ్గింది కాబట్టి అది తీగరసమే అని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను.

మాత్రలు అయిపోగానే రెప్ప మళ్ళీ దిగింది. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ లేచింది. ఈసారి పూర్తిగా లేవలేదు. అప్పటికి పూత జోరు మీద ఉంది. పొద్దున లేచి చూస్తే తోటంతా లేత పసుపు. కన్ను సంగతి ఆలోచించే తీరిక ఎవరికుంది?

నేల ముందు చెప్పింది. ఒక పొద్దున నేను ముందుగా తోటకి వెళ్ళాను. నా వరసల కింద నాలుగైదు పువ్వులు రాలి ఉన్నాయి, అది మామూలే. నాన్న వరసల కింద పరుపు పరిచినట్టు ఉన్నాయి. గాలికి రాలాయేమో అనుకుందామంటే రాత్రంతా ఆకు కదల్లేదు. ఆయన వచ్చేలోపు అన్నీ గంపలోకి ఏరి కంచె అవతల పోశాను. మర్నాడు ఇంకా ఎక్కువ రాలాయి. ఆ తరవాతి రోజు ఏరుతూ ఉండగానే వెనక ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది.

"వదిలెయ్ ఫూసీ. మొన్ననే చూశాను" అన్నాడు.

నేను గంప పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"దేవుడు ఒక్కో పువ్వు పక్కన ఇంకో పువ్వు పెడుతున్నాడు నాకు. ఏది అసలుదో చెప్పడం లేదు. రెండూ కాయ కడితే వచ్చే ఏడు మనమే జమీందార్లం."

నవ్వాలని చూశాను. "అయితే ఒకటి నువ్వు చెయ్యి, ఒకటి నాకివ్వు" అన్నాను. గంప కింద పెట్టాను.

ఆనాటినుంచి ఆయన ముందు, నేను వెనక. కుడికంటికి గుడ్డ కట్టుకుని ఎడమకంటితో పనిచేసేవాడు. ఒంటికంటికి పువ్వు రెండుగా కనపడటం ఆగింది కానీ దూరం తెలిసేది కాదు. ఈనె పువ్వుకి ఇవతలే గాలిని పొడిచేది. ఆయన ముందుకి జరిగాక ఆ పువ్వుని నేను చప్పుడు కాకుండా అదిమేదాన్ని. ఆయనకి తెలుసు. నేను అందుకోవాలని నడక నెమ్మది చేశాడు కూడా. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

మధ్యాహ్నం గుడ్డ విప్పి మొహం కడుక్కుంటుంటే పక్కనుంచి చూశాను. కంటిగుడ్డే ముందుకి వచ్చింది. తీగకన్నుకి రెప్ప వాస్తుంది గాని గుడ్డు తోసుకురాదు. ఇన్నేళ్ళలో అలాంటిది నేను చూడలేదు. రాజధాని నుకుఅలోఫాలో పెద్దాసుపత్రికి పోదాం పద అన్నాను. పూత అయ్యాక చూద్దాం అన్నాడు. పూత అయ్యేసరికి కన్ను ఉంటుందా అన్నాను. పువ్వు ఆగదు, కన్ను ఎక్కడికి పోతుంది, తలకే అతుక్కుని ఉంది కదా అన్నాడు. ఆయనతో వాదం పెట్టుకుంటే గోడకి చెప్పుకోవడం నయం.

తరవాతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, గుంతపొయ్యి తవ్వి, పెండలం, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి చుట్టిన మాంసం తీశాం. నాన్న సగమే తిన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మా ఊళ్ళో కుక్క కూడా మొరగదు. ఆయన చాప మీద ఒరిగాడు. నేను గుమ్మంలో కూర్చుని ఆయన్నే చూస్తున్నాను. కుడికన్ను పూర్తిగా మూతపడటం లేదు. ఆ సందులోంచి ఏదో ఎర్రటి అంచు కనిపించింది.

"నాన్నా, రెప్ప కింద ఏదో ఉంది."

"కన్నుంటుంది."

"అది కాదు. నేను చూస్తా."

ఆయన గోడవైపు తిరిగాడు. నేను వెనక్కి తగ్గలేదు.

"మీ మేనత్తకి తెలిస్తే ఇద్దరి తోలూ తీస్తుంది."

"అత్త హాపై దీవిలో ఉంది."

"దేవుడు ఇక్కడే ఉన్నాడు."

"ఆయన అత్తకి చెప్పడులే."

నాన్న వెల్లకిలా తిరిగాడు. ఎడమకన్ను మూసుకున్నాడు. "పువ్వనుకో" అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చి ఆయన తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. నుదుటి మీద అరచెయ్యి ఆనించాను. ఏదో జరుగుతుందనుకున్నాను, ఏమీ జరగలేదు. ఎవరి నుదురైనా ఎలా ఉంటుందో అలాగే ఉంది, కొంచెం చెమట పట్టి. బొటనవేలితో రెప్ప పైకెత్తాను.

పైనుంచి తెల్లగుడ్డుని కప్పుకుంటూ కండ దిగి ఉంది. జామపండు లోపలి రంగు. నున్నగా, తడిగా ఉంది. పుండు కాదు, చీము లేదు, చూడ్డానికి అసహ్యంగా కూడా లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఎంతకాలంగా అక్కడ కాపురం పెట్టిందో, హాయిగా ఉన్నట్టుంది.

"ఏముంది?" అన్నాడు.

"కండ పెరిగింది."

"రసం కాదా?"

"కాదు నాన్నా."

రెప్ప వదిలాను. చెయ్యి వెంటనే తియ్యబుద్ధి కాలేదు. ఆయనా తియ్యమనలేదు. కాసేపటికి, "మీ అమ్మ చెయ్యి ఇంకా బరువు" అన్నాడు.

ఆ సాయంత్రమే కతలీనా దగ్గరికి పరిగెత్తాను. చెప్పింది విని ఆమె అడిగిన మొదటి మాట "ముట్టావా?" అని. ముట్టాను అన్నాను. మొహం పాలిపోయింది. పెద్దాసుపత్రికి కబురు పెట్టి, దొరికిన మొదటి పడవకే మమ్మల్ని ఎక్కించింది. మేము వచ్చేదాకా డ్యూటీకి ముందు తోట పని తను చేస్తానంది. ఎప్పుడో చిన్నప్పుడు వదిలేసిన పని. కాదనలేకపోయాను.

నుకుఅలోఫాలో కంటి డాక్టరు ఫిజీ నుంచి వచ్చినావిడ. ఆమెకి నాన్న ఏ వరసా కాడు. కూర్చోబెట్టిన మరుక్షణం రెప్ప తిరగేసి లైటు వేసి చూసింది. మెడ కింద, చంకల్లో వేళ్ళతో తడిమింది. ఆ కండలోంచి చిన్న ముక్క తీసి న్యూజిలాండ్ పంపారు. తలకి స్కాను తీశారు. జవాబు వచ్చేదాకా మా చర్చివాళ్ళ ఇంట్లో, వసారాలో చాప వేసుకుని ఉన్నాం. నాన్న పొద్దున్నే లేచి కూర్చుని, ఈపాటికి విచ్చుకుని ఉంటాయి అనేవాడు. మధ్యాహ్నం కాగానే, ముడుచుకుని ఉంటాయి అనేవాడు. రోజంతా ఆ రెండు మాటలే.

జవాబు వచ్చాక డాక్టరమ్మ కుర్చీ మా దగ్గరికి జరుపుకుని చెప్పింది. దాని పేరు లింఫోమా. రోగాలతో పోరాడాల్సిన తెల్లకణాలే అదుపు తప్పి పెరిగే క్యాన్సరు. ఎక్కువమందికి మెడలో, చంకల్లో బిళ్ళలుగా బయటపడుతుంది. కొందరికి కంటి గూట్లో, రెప్ప కింద పెరుగుతుంది. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ తొందరపడరు. నెమ్మదిగా పెరిగే రకాలున్నాయి, వాటితో ముసలివాళ్ళయినవాళ్ళూ ఉన్నారు. నాన్నది ఆ రకం కాదు. కంటి వెనక ఎముక దాటి మెదడు పొర దాకా పాకింది.

"మరి మాత్రలకి తగ్గింది కదండీ" అన్నాను, ఇంకా ఏదో ఆశ.

"ఆ మాత్రలు ఈ జబ్బుని కూడా కొన్నాళ్ళు అణుస్తాయమ్మా. తగ్గిందనుకుంటాం, అది లోపల తన పని తాను చేసుకుంటుంది. మేమూ మోసపోతాం. మీ నర్సుని ఏమీ అనకండి" అంది.

కరెంటు పెట్టే రేడియేషన్ వైద్యం మా దేశంలో లేదు. బాగయ్యే ఆశ ఉన్నవాళ్ళని ఎంచి న్యూజిలాండ్ పంపడానికి ఒక కమిటీ ఉంది. కమిటీ నాన్నని ఎంచలేదు. ఇక్కడే సెలైనులో మందు ఎక్కించొచ్చు, కొన్ని వారాలు కలిసిరావొచ్చు, కానీ మంచం మీదే ఉండాలి అంది డాక్టరమ్మ. నాన్న ఆమెని ఏమీ అడగలేదు, నన్నడిగాడు.

"పూత ఇంకెన్నాళ్ళుంటుంది ఫూసీ?"

"రెండు మూడు వారాలు."

"ఇంటికి పోదాం."

ఆసుపత్రి వరండాలో నలుగురూ చూస్తుండగా ఆయన మీద అరిచాను. మందు ఎక్కించుకోమన్నాను, నా కోసం అన్నాను. "పూత ప్రతి ఏడూ వస్తుంది నాన్నా, నువ్వు..." అని ఆగిపోయాను.

"అందుకే" అన్నాడు.

ఆయన మాట చెల్లింది. తలనొప్పికీ వాపుకీ డాక్టరమ్మ మళ్ళీ అవే మాత్రలు రాసింది, ఇంకా పెద్ద మోతాదు. అవే మోసపు మాత్రలు అన్నాను నేను. మోసమని తెలిసి మింగితే మోసం కాదులే అన్నాడు నాన్న.

ఇంటికి వచ్చేసరికి లేసియేలీ అత్త వచ్చి కూర్చుని ఉంది. నాన్నకి అక్క. మనిషి పొడుగు, మాట పొట్టి. మేనత్త మాటకి మా దీవుల్లో ఎదురు లేదు. తమ్ముడి బిడ్డలకి ఆమె పేరు పెడుతుంది, పెళ్ళికి ఆమె ఊ అనాలి, ఆమె ఉసురు తగిలితే వంశం నిలవదంటారు. అక్కాతమ్ముళ్ళు ఒకరి ఎదుట ఒకరు మసలడానికి కూడా హద్దులున్నాయి. అందుకని నాన్న పడుకున్న గదిలోకి ఆమె అడుగు పెట్టలేదు. వసారాలో గోడకి వీపు ఆనించి కూర్చుని, "తిన్నాడా?" "నిద్రపోయాడా?" అని గోడ ఇవతలనుంచే అడిగేది. ఆయన అవతలనుంచి, "తిన్నానని చెప్పు" అనేవాడు. వాళ్ళిద్దరి మధ్యా గుమ్మంలో నేను.

వచ్చిన సాయంత్రమే నన్ను వంటపాక వెనక్కి పిలిచింది.

"మా తమ్ముడి తల ముట్టావట."

"ముట్టాను అత్తా."

"ముట్టాకే గుడ్డు బయటికొచ్చిందట."

"అంతకుముందే వచ్చింది. ముట్టాక తెలిసింది."

"నోరు ముయ్యి. ఏ చేత్తో ముట్టావు?"

కుడిచెయ్యి చాపాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూడలేదు, కొట్టలేదు. ఊరికే చూసింది. "ఆ చెయ్యి ఇక నా ముందు చాపకు" అని వెళ్ళిపోయింది. ఆనాటినుంచి నేను పెట్టింది తినలేదు. ఆమెకి కతలీనా వడ్డించాలి, మంచినీళ్ళు కూడా కతలీనానే ఇవ్వాలి. నాన్న సంగతి తెలిసి కుమిలిపోతున్న దాన్ని, నాకు గోరుచుట్టు మీద రోకటిపోటు. పడి ఏడుద్దామన్నా ఆ వసారాలో ఆమె ఉంది.

మాత్రలు మరోసారి తమ మోసం చేశాయి. రెప్ప కాస్త లేచింది, తలనొప్పి తగ్గింది, నాన్న పెండలం అడిగి మరీ తిన్నాడు. పొద్దున్నే నా భుజం పట్టుకుని తోటకి నడిచేవాడు. స్టూలు మీద కూర్చునేవాడు. తీగని ఆయన మొహం దగ్గరికి వంచి పట్టుకుంటే, ఎడమచేత్తో పువ్వుని తడిమి చూసుకుని, ఈనె ఆ వేళ్ళ మీదుగా జార్చి పొర ఎత్తేవాడు. కంటితో కాదు, వేళ్ళతో. అలా చేసినవి మర్నాడు చాలావరకు తీగ మీదే ఉన్నాయి. "చూశావా" అని అందరికీ చెప్పుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

ఒక పొద్దున కతలీనా వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఆకులు ఏరుతున్నట్టు తల వంచుకుని, ఆ రోజు తను చెయ్యి వేసి చూసి ఉంటే అని మొదలుపెట్టి, ముగించలేకపోయింది.

"వేస్తే వెయ్యనిచ్చేవాణ్ణా? కసిరేవాణ్ణి" అన్నాడు నాన్న. "నాకు చేతుల్లేవా, ఇంట్లో అద్దం లేదా? నేను చూసుకున్నానా? నిన్ను అలా పెంచింది నేనేనే. ఊరుకో."

ఆమె ఊరుకోలేదు. ఆయన ఈనె కింద పెట్టి ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగాడు. ఆ పొద్దు చాలా పువ్వులు అలాగే ముడుచుకుపోయాయి. ఆయన వాటిని చూడనైనా లేదు.

అదే ఆయన తోటకి వచ్చిన ఆఖరు రోజు. తరవాత మాత్రలు దేన్నీ అణచలేదు. గుడ్డు ఇంకా ముందుకి వచ్చింది, రెండో రెప్పా దిగింది, నన్ను అమ్మ పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. నేను ఊ అనేదాన్ని. రోజులో ఎక్కువ భాగం నిద్రే. వసారాలోంచి అత్త "తిన్నాడా?" అంటే గదిలోంచి జవాబు వచ్చేది కాదు. నేనే "తిన్నాడు" అని అబద్ధం చెప్పేదాన్ని. ఒక పొద్దున పువ్వులు విచ్చుకునే వేళకి ఊపిరి ఆగింది. గోడ అవతల అత్తకి నేను చెప్పకముందే తెలిసింది. లేచి నిలబడి ఉంది.

ఆ క్షణం నుంచి ఇల్లు అత్తది. బతికి ఉండగా రాని గదిలోకి నడిచి వచ్చి, తమ్ముడి తల దగ్గర కూర్చుంది. చావింట్లో ఆ చోటు ఆమెదే. మరి నాది వంటపాక. తండ్రి చస్తే పిల్లలు అందరికంటే కింద. నడుముకి చిరిగిన పాత చాప చుట్టుకోవాలి, జుట్టు కోయించుకోవాలి, పొగలో కూర్చుని వచ్చినవాళ్ళకి వండాలి. శవం దగ్గరికి పోకూడదు. నా జడ అత్తే కత్తిరించింది, మెడ మీద కత్తెర చల్లగా తగిలింది. ఇన్ని రోజులు ఎత్తి, కడిగి, తినిపించినదాన్ని, ఆయన మొహం ఇక నాకు లేదు. లోపల ఆడవాళ్ళు పాడే పాట వింటూ పెండలాలు చెక్కు తీస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఎందుకు రావడం లేదా అని దిగులుపడ్డాను.

ఉన్నట్టుండి పాకలో మాటలు ఆగిపోయాయి. తల ఎత్తి చూస్తే ద్వారంలో అత్త. చావింట్లో ఆమె తల దగ్గరనుంచి లేచి వంటపాకకి రావడం నేను ఎన్నడూ వినలేదు. అందరూ లేచారు.

"రా" అంది నాతో.

"అత్తా, నేను రాకూడదు..."

"రా అన్నాను."

వెనకే వెళ్ళాను. పాడేవాళ్ళు ఆపేశారు. నాన్నని కొత్త చాపల మీద పడుకోబెట్టి నారబట్ట కప్పారు. ఎడమకన్ను మూసి ఉంది. కుడికన్ను తెరిచే ఉంది. ఉబికిన గుడ్డు మీద రెప్ప నిలవడం లేదు, జామపండు రంగు కండ అందరికీ కనపడుతోంది.

"నేను మూశాను, లేస్తోంది. ముసలమ్మలు మూశారు, లేస్తోంది. జనం వచ్చే వేళయింది. మా తమ్ముణ్ణి ఇలా ఎవరూ చూడకూడదు." అత్త గొంతు నాకు మాత్రమే వినపడేంతగా తగ్గింది. "తెరిచింది నువ్వు. నువ్వే మూయి."

నా చేతులకి పెండలం మట్టి ఉంది. పావడాకి తుడుచుకున్నాను.

"ఏ చేత్తో అత్తా?"

ఆమె నా కుడిచెయ్యి పట్టుకుని నాన్న నుదుటి మీద తనే పెట్టింది.

నుదురు చల్లగా ఉంది. రెప్పని కిందికి లాగలేదు. లాగితే లేస్తుంది. ముందు దాన్ని ఇంకా పైకెత్తి, కండ మీదుగా మెల్లగా జార్చి, అంచు కింది రెప్పకి ఆనగానే బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. గట్టిగా కాదు. నాన్న నేర్పినంత. వేలు తియ్యడానికి చాలాసేపు ధైర్యం చాల్లేదు. తీశాను. రెప్ప నిలిచింది.

పాట మళ్ళీ అందుకున్నారు. నేను వంగి వెనక్కి నడిచి పాకకి వచ్చి, కత్తి కోసం చెయ్యి చాపాను. వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. అత్తే.

"శవాన్ని ముట్టిన చెయ్యి తిండి ముట్టకూడదు" అంది.

ఎప్పటిదో పాత ఆచారం. దొరల శవాలు ఎత్తినవాళ్ళకి ఉండేదట, ఇప్పుడు ఎవరూ పాటించరు. కానీ ఆమె పాటించింది. నన్ను కూర్చోమంది. తన నల్లబట్టలతో నా ఎదురుగా బూడిద నేల మీద కూర్చుంది. ఏ ఇంట్లోనూ ఎవరికీ వడ్డించని మనిషి. పొయ్యిలోంచి తీసిన పెండలం విరిచి, ఊది, నా నోటి దగ్గరికి తెచ్చింది.

"పొద్దున్నించీ తినలేదంట. నోరు తెరు."

తెరిచాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే నమిలాను. అత్త ఇంకో ముక్క విరిచింది.